రెండో అయ్యవారు రాని బడి

మొన్న మంగళవారం ఉదయం, బడిగంట కొట్టే వేళకు కాస్త ముందు, మా బావ చనిపోయారు. చంద్రగిరికి దగ్గరలో, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఒక పల్లెలో ఆయన జిల్లా బోర్డు బడి అయ్యవారు. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులన్నిటికీ ఆయనొక్కరే. ఆ రోజు ఆయన లేకుండానే బడి మధ్యాహ్నం దాకా నడిచింది.

కబురు తిరుపతిలో ఉన్న నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. పెట్రోలు కరువైనప్పటి నుంచి బొగ్గు మీద నడుస్తున్న ఆ బస్సులోనే ఎక్కి చంద్రగిరిలో దిగి, అక్కడినుంచి నడిచాను. బడి ఊరికి ఇవతలే, దారి పక్కన ఉంటుంది. అక్క ఇంటికి పోవాలంటే దాని ముందునుంచి పోవలసిందే. లోపల ఎక్కాలు వినబడుతున్నాయి. వరండాలో చిన్నపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతున్నారు. నేను ఆగిపోయాను. అయిదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను గుర్తుపట్టి గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యవారికి ఒంట్లో బాగలేదు మామా. లేసినాక వస్తాడు. మేం నడుపుకుంటా ఉండాం," అంది.

అది శెనక్కాయలు పెరికే కాలం. పెద్దలు చాలామంది చేలల్లో ఉన్నారు. సంగతి తెలిసినవాళ్ళు తెలిసినట్టే ఇంటి ముందర చేరారు. బడికి ఇంకెవరో చెప్పే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఆ అమ్మాయికి నేనూ ఏమీ చెప్పకుండా ముందుకు పోయాను. తర్వాత ఊరివాళ్ళలో ఒకరు వెళ్ళి పిల్లలను ఇళ్ళకు పొమ్మన్నారు.

మా బావ పేరు తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఎవరూ విని ఉండరు. అయితే ఈ చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే అయ్యవార్లలో చాలామంది ఆయన నేర్పిన పద్ధతిలోనే ఈ రోజుకూ బడి నడుపుతున్నారు. ఆ పద్ధతి ఎందుకు పుట్టిందో, చివరికి ఎటు పోయిందో మొదటినుంచీ చూసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఆయనా అందరు అయ్యవార్ల లాగే ఉండేవారు. సాయంత్రం హాజరుపట్టీలు, పరీక్ష కాగితాలు, పైఆఫీసుకు పంపాల్సిన నివేదికలు సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేవారు. అక్క దీపం దగ్గర బియ్యం ఏరుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని పట్టీలు నింపేవారు. యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరకడం కష్టమయ్యాక ఇంట్లో ఒక్క దీపమే మిగిలింది. "ఈ వెలుతురు మనింటికా, మీ బడికా?" అని అక్క అడిగిందట. ఆయన సంచి మూసేశారు. మరునాటి నుంచి బడిపని గడప దాటి లోపలికి రాలేదు.

"నేనేమో కనిపెట్టినానని అందరూ అంటారు గానీ అదేం లేదబ్బా. మీ అక్క తరిమితే యాడికో ఒకచోటికి పరిగెత్తాల గదా," అనేవారు.

ఆయన చేసింది చెప్పుకుంటే చాలా మామూలుగా ఉంటుంది. బడి ఒకటే పొడుగాటి సాల. దాన్ని అయిదు చోట్లుగా విడదీశారు. వరండాలో ఇసుక రాత. ఒక గోడ దగ్గర ఎక్కాలు. కిటికీ కింద వాచకం. నడిమధ్య పలక. అయిదోది ఆయన ముందర పరిచిన చాప. గంట కొట్టినప్పుడల్లా ప్రతి తరగతీ పక్కచోటికి జరుగుతుంది. చాప మీదికి వచ్చిన తరగతి మాత్రమే ఆ సేపటికి ఆయనది. మిగిలిన నాలుగూ తమ పని తాము చేసుకుంటాయి. కింది తరగతి పలకలను పై తరగతివాళ్ళు ఒకసారి చూసి పెడతారు. గుమ్మం పక్కన రెండు తాళ్ళు కట్టి ఉండేవి. పిల్లవాడు రాగానే తన పేరు రాసిన తాటాకు ముక్కను మొదటి తాడు నుంచి తీసి రెండో తాడుకు తగిలించాలి. ప్రార్థన అయ్యేసరికి మొదటి తాడుకు మిగిలిపోయిన ఆకులే రానివాళ్ళ పేర్లు. అందరినీ పేరుపేరునా పిలిచే పని అలా తప్పింది.

దిద్దడంలో ఆయనకు ఇంకో నియమం ఉండేది. రోజుకు ఒక రకం తప్పే. ఈ రోజు ఒత్తులు చూస్తే దీర్ఘాల జోలికి పోరు. "అన్నీ ఒకేసారి దిద్దితే పిల్లోడికి ఒక్కటీ గుర్తుండదు, నాకు చెయ్యి మిగలదు," అనేవారు. విలేకరిగా నేను రాసిన వార్త పత్రికలో వస్తే సుద్దముక్కతో ఒక్క తప్పు చుట్టి ఇచ్చేవారు. "ఇంకా ఉండాయి గానీ, ఈ పొద్దుకు ఇది చాల్లే అప్పా." ఆ సుద్దముక్క ఎప్పుడూ చెవి మీదే ఉండేది. భోజనానికి కూర్చున్నప్పుడు అక్క చేయి చాచి దాన్ని తీసేది.

మధ్యాహ్నం పిల్లలు సంకటి తినడానికి ఇళ్ళకు పోయినప్పుడు ఆయన ముఖం మీద కండువా వేసుకుని గోడకు ఆనుకుని కాసేపు నిద్రపోయేవారు. ఊరివాళ్ళు మొదట్లో దాన్ని తప్పుపట్టారు. ఆయన ఖాతరు చేయలేదు. "అయ్యవారు అలిసిపోతే మధ్యాహ్నం బడి ఉండదు, అరుపులే ఉంటాయి," అని ఊరి పెద్దలకు ముఖం మీదే చెప్పారు. ఆదివారం బడి మాట ఎత్తేవారు కారు. ఎవరైనా అయ్యవారు ఆదివారం సలహా కోసం వస్తే చేతికి తొలిక ఇచ్చి మిరపమళ్ళలో దించేవారు. ముందు కలుపు తీయి, తర్వాత మాట్లాడుకుందాం అనేవారు. కలుపు అయిపోయేసరికి వచ్చినవాడు ఎందుకు వచ్చాడో మరిచిపోయి తేలికగా ఇంటికి పోయేవాడు.

అలా వచ్చినవాళ్ళలో ఏటి అవతలి ఊరి అయ్యవారు ఒకడు. ట్రెయినింగు అయిపోగానే ఉద్యోగంలో చేరిన పడుచువాడు. ఆ బడిలో అతనికి తోడుగా ఇంకో సహాయకుడు ఉండేవాడు. అయినా అతను మునిగిపోయాడు. యుద్ధం రోజులు. బడిపని కాక ఊరందరికీ రేషను కార్డులు రాసే పని కూడా అయ్యవార్ల మీదే పడింది. మా బావ ఇంటి అరుగు మీద అతను మొదటిసారి కూర్చున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇద్దరుండి కూడా ఏడుస్తావేందబ్బా? నేను ఒక్కణ్ణి, నవ్వతా ఉండానే," అన్నారు బావ.

"మీకు నవ్వొస్తాది అయ్యవారూ. నాకు ఈ ఉద్యోగమే వద్దనిపిస్తాంది. ఊరికి పోయి మడక దున్నుకుంటా."

"మడకే సులువు, నిజమే. ఎద్దులు రెండే గదా. నీకేమో అయిదు తరగతులు. కానీ ఆ ఎద్దులు పొద్దున్నే లేసి నీకు నమస్కారం పెట్టవు సూడు."

అతను నవ్వాడు. అక్క లోపలినుంచి, "ముందు ఆ అబ్బికి మజ్జిగియ్యండి, తర్వాత ఎకసెక్కాలు ఆడుకోండి," అంది.

తర్వాత శనివారం మధ్యాహ్నాలు బావ ఏరు దాటి అవతలికి పోవడం మొదలుపెట్టారు. ఇద్దరూ కూర్చుని తాటాకులు కత్తిరించారు. సాలలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో సున్నంతో గీతలు గీశారు. రేషను కార్డుల పనికి ఊళ్ళో చదువొచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళను కుదిర్చారు. కొన్నాళ్ళకు ఆ బడి కుదుటపడింది. అతను ఉద్యోగం మానే మాట మళ్ళీ ఎత్తలేదు. అతన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు వచ్చారు. నెలకొకసారి చంద్రగిరిలో జరిగే ఉపాధ్యాయుల సమావేశంలో బావ చుట్టూ ఎప్పుడూ కొంతమంది చేరి ఉండేవారు.

వాళ్ళందరికీ ఆయన ఒక మాట తప్పకుండా చెప్పేవారు. "ఇది ఊపిరి తీసుకొనేదానికే అప్పా. రెండో అయ్యవారు వచ్చేదాకానే." తన బడికి రెండో అయ్యవారిని ఇమ్మని ఆయన ఏటా పైఆఫీసుకు రాసేవారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఎదుట మనిషి ఉండాలనీ, ఇసుకలో రాసుకుంటూ పోతే వాళ్ళకు మాట రాదనీ ఆయన అభిప్రాయం. ఎన్నో విషయాల్లో నవ్వేసే మనిషి ఈ ఒక్కదాని గురించి మాట్లాడేటప్పుడు నవ్వేవారు కాదు.

బడుల ఇన్స్పెక్టరు చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి. సైకిలు మీద ఊరూరా తిరిగేవాడు. తన కింద ఎన్ని బడులున్నాయో ఆయనకే సరిగా గుర్తుండేది కాదు. చదువుకున్న పడుచువాళ్ళు పట్టాళంలో గుమాస్తాలుగానో, రేషను ఆఫీసుల్లోనో చేరిపోతున్నారు. అయ్యవారు లేక మూతపడిన బడులు నిజంగానే ఉన్నాయి. బావ బడి చూసినప్పుడల్లా ఆయన ముఖం విప్పారేది. తన తనిఖీ పుస్తకంలో మెచ్చుకుంటూ రాసేవాడు.

రెండో అయ్యవారి సంగతి ఎత్తితే మాత్రం, "ఇంత చక్కగా నడుస్తుంటే ఇంకొకరిని ఇమ్మని నేనెట్లా రాసేది? పైవాళ్ళు నవ్వుతారండీ," అనేవాడు.

బావ కొన్నాళ్ళు ఆలోచించారు. తర్వాత నాకు కబురు పంపారు. నేను వెళ్ళేసరికి ఆయన ముఖంలో ఆకతాయితనం కనబడింది.

"ఈసారి ఇన్స్పెక్టరు ముందర బడిని చెడగొడతానబ్బా. నువ్వొచ్చి కూర్చో. కళ్ళారా సూసి రాయి," అన్నారు.

గంట అంటే బడి ముందర వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని ఆయన ముందురోజే ఊడదీసి ఇంట్లో గంప కింద దాచారు. పొద్దున పిల్లలందరినీ నిలబెట్టి, "ఈ పొద్దు నేను చెప్పేదాకా ఎవురూ ఉన్నచోటు నుంచి కదలొద్దు," అన్నారు. గంట లేకపోతే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోతారనీ, కాసేపటికి విసుగు పుట్టి అల్లరి చేస్తారనీ, ఒక్క మనిషి చేతిలో ఈ బడి ఎంత బరువో ఇన్స్పెక్టరుకు కనబడుతుందనీ ఆయన లెక్క.

ఇన్స్పెక్టరు వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి కుర్చీలో కూర్చున్నాడు. బావ ఒకటో తరగతిని చాప మీద కూర్చోబెట్టుకుని ఒకే పాఠం సాగదీస్తున్నారు. కొంతసేపు అంతా ఆయన అనుకున్నట్టే ఉంది. కానీ ఆ సాల పైకప్పులో ఒక పెంకు పగిలి ఉంది. అందులోనుంచి పడే ఎండ పొద్దు ఎక్కేకొద్దీ నేల మీద జరుగుతుంది. గంట ఎప్పుడు మోగుతుందో పిల్లలు ఆ ఎండను చూసి ఎన్నడో పసిగట్టారు. ఆ సంగతి బావకు తెలియదు. నాలుగో తరగతి వాళ్ళు నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"కూసోండ్రా!" అన్నారు బావ.

వాళ్ళు కూర్చున్నారు. అయితే ఆ లోపల చాప మీదున్న ఒకటో తరగతి పిల్లలు లేచి వరండా వైపు నడుస్తున్నారు. వెనకబడిన ఒక చిన్నది ఆగి ఆయనకు నచ్చజెప్పింది.

"ఎండ కుర్చీ కాడికొచ్చె అయ్యవారూ. మా వంతు అయిపాయె."

అంతే. అయిదు తరగతులూ చప్పుడు లేకుండా చోటు మారాయి. ఇన్స్పెక్టరు తల ఎత్తి పెంకు చూశాడు, నేల మీది ఎండ చూశాడు, తాను కూర్చున్న కుర్చీ చూశాడు.

"గంట కూడా అక్కరలేదా! ఎండతోనే నడుపుతున్నారా!"

"అయ్యా, ఈ పొద్దు నేనేం పని చేయలేదు. మీరే సూసినారు గదా," అన్నారు బావ.

"అదే కదండీ గొప్ప. మీరు చేయకుండానే జరుగుతోంది!" అన్నాడు ఇన్స్పెక్టరు. వెంటనే పుస్తకం తెరిచి రాశాడు.

ఇంటికి వచ్చాక బావ చాలాసేపు నవ్వారు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అక్క నాకు మజ్జిగ పోస్తూ, "మీ బావకు చెడగొట్టేది కూడా చేతకాలే సూడప్పా," అంది.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. ఆ తర్వాతి వేసవి సెలవులు ముగిసే వేళకు బడులకు ఒక ఉత్తర్వు వచ్చింది. ఈ పద్ధతి అమలులో ఉన్న చిన్న బడులకు ఒక ఉపాధ్యాయుడు చాలు. అక్కడ అదనంగా ఉన్న సహాయకులను మూతపడిన బడులకు పంపాలి. ఉత్తర్వు తప్పని నేను వాదించలేను. మూతపడిన బడులు కొన్ని మళ్ళీ తెరుచుకున్నాయి, అక్కడి పిల్లలకు అయ్యవార్లు దొరికారు. అది నేను వెళ్ళి చూసిన సంగతి. ఏటి అవతలి బడిలో సహాయకుడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. అదీ చూశాను.

ఆ వారం ఏటి అవతలి అయ్యవారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బావకు సులువుగా ఉండేది.

"మీరు చెప్పినట్టే చేసినాను అయ్యవారూ," అన్నాడు.

"అవునబ్బా."

"బడి బాగుపడింది. తోడు పోయినాడు."

బావ చెవి మీది సుద్దముక్క తీసి అరుగు మీద గీతలు గీస్తూ కూర్చున్నారు.

"నీకు ఊపిరి తీసుకొనేదానికని చెప్పినాను. వాళ్ళు ఆ ఊపిరిని కూడా లెక్కేసుకున్నారు," అన్నారు చివరికి.

ఆ తర్వాతి చంద్రగిరి సమావేశంలో ఆయన లేచి, ఈ పద్ధతి వదిలేయండి అని అయ్యవార్లకు చెప్పారు. గొడవ ఏమీ జరగలేదు. ఒక పెద్దాయన మాత్రం కూర్చున్నచోటి నుంచే జవాబు చెప్పాడు. "వదిలేయమంటే ఎట్ల వదిలేది సామీ? ఇప్పుడు ఒక్కరమే ఉండాం. ఇది కూడా లేకపోతే చస్తాం గదా." బావ కూర్చున్నారు. ఆయన చెప్పింది నిజం, పెద్దాయన చెప్పిందీ నిజం. సమావేశం తర్వాతి అంశానికి పోయింది.

ఆయన అడగకముందే నేను ఈ ఉత్తర్వు సంగతంతా వార్తగా రాసి మద్రాసులో మా పత్రికకు పంపాను. కాగితం కరువు వల్ల పత్రిక అప్పటికే బాగా సన్నబడి ఉంది. నా వార్త నాలుగు వరుసలుగా వచ్చింది. చంద్రగిరి దగ్గరి ఒక పల్లెలో ఒక్క ఉపాధ్యాయుడే అయిదు తరగతులను క్రమపద్ధతిలో నడుపుతున్నాడని మాత్రమే అందులో మిగిలింది. బావ దాన్ని చదివి సుద్దముక్కను చెవి మీదే ఉంచేశారు.

"ఇందులో దిద్దేదానికి తప్పేం లేదప్పా. అంతా నిజమే," అన్నారు.

అప్పటినుంచి శనివారాలతోపాటు బుధవారాలు కూడా, తన బడి వదలగానే ఆయన ఏరు దాటి అవతలికి పోసాగారు. ఆ రెండు రోజులూ అవతలి బడి పొద్దుగూకేదాకా నడిచేది. చిన్న తరగతులను తాను తీసుకుని అతనికి పెద్దవాళ్ళను అప్పగించేవారు. అది ఎవరూ అడిగింది కాదు, ఎక్కడా రాసేది కాదు. "నేను లాగేసుకున్న తోడును నేనే కొంచెం కొంచెం తీరుస్తా ఉండా," అని ఒకసారి అన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదని నేను చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. మళ్ళీ బుధవారం వెళ్ళారు.

పోయిన ఎండాకాలంలో ఆయనకు ఆయాసం మొదలైంది. తిరుపతిలో డాక్టరుకు చూపించాను. గుండె బలహీనంగా ఉందనీ, కొన్ని నెలలు పూర్తిగా విశ్రాంతి కావాలనీ, ఏరు దాటడం వంటివి మానాలనీ డాక్టరు చెప్పాడు. బావ సెలవుకు రాశారు. సెలవు వెంటనే మంజూరైంది. ఆ కాగితం నేను చదివాను. బడి తనంతట తాను నడిచే ఏర్పాటు ఉన్నందువల్ల ఆయన స్థానంలో ఇంకొకరిని పంపవలసిన అవసరం కనబడలేదని అందులో ఉంది. ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా అప్పుడప్పుడు వెళ్ళి చూస్తే చాలట.

ఆయన సెలవు పెట్టి బడికి వెళ్ళేవారు. అక్క నాతో మొర పెట్టుకుంది.

"సెలవు తీసుకొని బడికి పోయేది యాడన్నా ఉండాదా? నువ్వన్నా చెప్పప్పా."

"ఇంట్లో పండుకుంటే ఎక్కాలు వినపడతాయి మే," అన్నారు ఆయన. "ఆడ ఎవుడో తప్పు చెప్తాడు. నేను ఈడనుంచి అరవలేను. అరిస్తే ఆయాసం. అరవకపోతే ఇంకా ఆయాసం."

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. ఇన్స్పెక్టరును కలిశాను. ఆయన తన దగ్గరున్న ఖాళీల పట్టిక నా ముందు పెట్టాడు. అది పొడుగ్గా ఉంది. చిత్తూరు వెళ్ళి పైఆఫీసులో అడిగాను. వాళ్ళూ మర్యాదగానే మాట్లాడారు, కాఫీ తెప్పించారు. నా వృత్తిలో ఎవరో ఒకరి మీద నెపం వేసి వార్త ముగించడం మామూలు. ఇక్కడ నాకు అలాంటి మనిషి దొరకలేదు.

ఆయనతో నేను చివరిసారి తీరిగ్గా కూర్చున్నది పోయిన నెలలో, బడి వరండాలో. పిల్లలు లోపల చోట్లు మారుతున్నారు. చాప మీదికి మూడో తరగతి వచ్చి కూర్చుంది. ఆయన ఇంకా వరండాలోనే ఉన్నారు. పిల్లలు ఖాళీ చాప ముందర వాచకం తెరుచుకుని తమలో తామే చదువుకోసాగారు.

"నేను లేకపోయినా నడుపుతారని అందరూ మెచ్చుకుంటారబ్బా. నడుపుతారు. అది నిజం," అన్నారు. "కానీ చాప కాడ మనిషి లేకుంటే ఆ తిరిగేది ఊరికే తిరిగేదే గదా. గానుగెద్దు తిరిగితే నూనన్నా వస్తాది."

తర్వాత గోడ పట్టుకుని లేచి మూడో తరగతి ముందర కూర్చున్నారు. వేలు పెట్టి ఒక పిల్లవాడికి వరుస చూపించారు. నాకు బస్సు వేళ అయింది. వెళ్ళొస్తానన్నాను. ఆయన తల ఎత్తలేదు, చెయ్యి మాత్రం ఎత్తారు.

మంగళవారం సాయంత్రం దహనం జరిగింది. చుట్టుపక్కల బడుల అయ్యవార్లు చాలామంది వచ్చారు. కొందరు తమ బడులను పిల్లలకు అప్పగించి వచ్చామని చెప్పారు. అది చెప్పినాక వాళ్ళే తల వంచుకున్నారు.

గురువారం ఇన్స్పెక్టరు పరామర్శకు వచ్చాడు. సైకిలు దిగి అరుగు మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. తర్వాత జేబులోనుంచి కాగితం తీశాడు. వేరే ఏర్పాటు జరిగేదాకా ఏటి అవతలి అయ్యవారే రెండు బడులూ చూసుకోవాలి. ఉదయం ఆ బడి, మధ్యాహ్నం ఈ బడి. రెండు చోట్లా అయ్యవారు లేని పూట పిల్లలు పద్ధతి ప్రకారం నడుపుకోవాలి.

ఏటి అవతలి అయ్యవారు అక్కడే, గోడవారన నిలబడి ఉన్నాడు. కాగితం తీసుకుని చదివి మడిచాడు.

అక్క తలుపు వెనకనుంచి మాట్లాడింది. "ఆయన అన్నేండ్లు అడిగిన రెండో అయ్యవారి సంగతి ఏమాయెనయ్యా?"

"రాస్తానమ్మా. ఈసారి గట్టిగా రాస్తాను," అన్నాడు ఇన్స్పెక్టరు. ఆయన రాస్తాడనే నేను నమ్ముతున్నాను. పైవాళ్ళు ఎవరిని పంపగలరో ఆయనకూ తెలియదు.

ఇన్స్పెక్టరు వెళ్ళాక అక్క గోడవారన నిలబడ్డ ఆ అబ్బాయిని పిలిచింది. "ఇటు నుంచి అటు పోయేదానికే సరిపోతాది గదా నాయనా. నువ్వు యాడ తింటావు? మద్దేనం ఈడనే తిను, నేను వండి పెడతా."

పక్కనున్న పెద్దావిడ అడ్డుపడింది. "సూతకంలో ఉండే ఇంట్లో బయటోళ్ళకు అన్నమెట్ల పెడతావమ్మా? దినాలు కానీ."

ఆ అబ్బాయి, "పరవాలేదమ్మా, సద్ది కట్టుకొస్తా," అన్నాడు.

ఉత్తరక్రియలు వచ్చే శుక్రవారం. ఉత్తర్వు ఈ సోమవారం నుంచి అమలులోకి వస్తుంది. ఏట్లో ఇప్పుడు మోకాటి పైదాకా నీళ్ళున్నాయి. సోమవారం ఉదయం అవతలి బడి ముగించుకుని, పంచె ఎగగట్టి, సద్దిమూట తల మీద పెట్టుకుని అతను ఏరు దాటాలి. ఒడ్డున కూర్చుని తినాలి. పంచె ఆరేదాకా ఆగడానికి వేళ ఉండదు.